కరివేపాకు లెక్క సరే, కిండర్‌గెల్డ్ సంగతేమిటి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మావారు జర్మనీ వచ్చి పద్నాలుగు నెలలైంది. స్టుట్‌గార్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస పర్మిట్) మీద ఉన్నారు. నేను ఐదేళ్ల పాపను తీసుకుని వచ్చి ఎనిమిది నెలలు. జీతం 4,900 యూరోలు, చేతికొచ్చేది 3,100. అద్దె 1,350, పాప కీటాకి (ఇక్కడి నర్సరీ) 180, సరుకులు, కరెంటు, ఫోన్లు, ఇద్దరికీ ట్రైన్ పాస్‌లు, అత్తయ్యగారు వాళ్లకు పంపే 150, అన్నీ పోగా నెలాఖరుకు నూట యాభై మిగిలితే గొప్ప. గోరంట్లలో ఫ్లాట్ ఉంది. ఈఎంఐ 24,000, దాని మీద అద్దె 13,000. ఊళ్లో మావారి పేరున 12 లక్షల ఎఫ్‌డీ ఉంది. పొన్నూరు వైపు మా పొలం పక్కనే అరవై సెంట్లు అమ్మకానికి వచ్చింది. ఎఫ్‌డీ తీసి బయానా ఇద్దాం, మావాడి పేరునే రాయిద్దాం, మిగతాది నెలనెలా పంపండి అని మావయ్యగారు అంటున్నారు. తెనాలిలో ఒక ఆడపడుచు ఉంది. నేను మిర్చి యార్డు దగ్గర ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని, ఇప్పుడు ఖాళీ. ఇక్కడ రెండు రెమ్మల కరివేపాకు రెండు యూరోలు, అంటే రెండు వందలు! కొనడానికి చేతులు రావడం లేదు. ఖర్చు ఎక్కడ తగ్గించాలి? పొలం కొనొచ్చా? చలికాలం పాపతో ఇబ్బందిగా ఉంది, కారు తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఖర్చు తగ్గించడానికి అందులో నాకేమీ దొరకలేదు. ముగ్గురు మనుషులు స్టుట్‌గార్ట్‌లో ఇంతకంటే పొదుపుగా బతకడం కష్టం. రాబడి వైపు మాత్రం రెండు పెద్ద చిల్లులు కనిపించాయి. రూపాయల్లోకి మార్చుకుని చూడటం తప్పని చాలామంది చెబుతారు. నేనలా అనను. మీరు మార్చాల్సిన చోట మార్చలేదు, అంతే. కరివేపాకు దగ్గర రెండు వందలు లెక్కపెట్టిన మీరు, నెలకు పాతిక వేలకు పైగా అడగకుండా వదిలేశారు.

మీరు రాసిన రాబడిలో కిండర్‌గెల్డ్ లేదు. పిల్లలున్న ప్రతి కుటుంబానికీ అక్కడి ప్రభుత్వం ఇచ్చే డబ్బు అది. 2026 జనవరి నుంచి ఒక్కో బిడ్డకు నెలకు 259 యూరోలు, అంతకుముందు 255. బ్లూ కార్డ్ మీద ఉన్నవాళ్లకూ వస్తుంది, జీతంతో సంబంధం లేదు. పేదవాళ్లకిచ్చే పథకమేమో, మనకెందుకులే అనుకుని మానేసినవాళ్లను చూశాను. అలాంటిది కాదు. ఫమీలియన్‌కాసే అనే ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి. మీ ట్యాక్స్ నంబర్, పాప ట్యాక్స్ నంబర్, పాప బర్త్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. దరఖాస్తు ఎప్పుడు పెట్టినా వెనక్కి ఆరు నెలలకే ఇస్తారు. మీరు వచ్చి ఎనిమిది నెలలు కాబట్టి రెండు నెలల డబ్బు పోయినట్టే. ఇంకో నెల ఆలస్యం చేస్తే ఇంకొకటి పోతుంది. ఈ వారమే పెట్టండి. పాత బాకీగా పదిహేను వందల యూరోల పైచిలుకు ఒకేసారి వస్తుంది.

రెండోది ట్యాక్స్ క్లాస్, అంటే జీతంలోంచి నెలనెలా ఎంత పన్ను కోయాలో తేల్చే తరగతి. 4,900 జీతానికి 3,100 చేతికొస్తోందంటే మీవారు ఇంకా ఒకటో క్లాసులోనో నాలుగులోనో ఉన్నారు. ఒంటరిగా వచ్చినప్పుడు పడిన క్లాసు అలాగే ఉండిపోయి ఉంటుంది. పే స్లిప్పులో ఒక మూల చిన్న అంకె ఉంటుంది, చూడమనండి. మీకు సంపాదన లేదు కాబట్టి ఆయన మూడు, మీరు ఐదు తీసుకోవచ్చు. ముందు పెళ్లి సర్టిఫికెట్ అక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదై ఉండాలి, ఆ తర్వాత ట్యాక్స్ ఆఫీసుకు అర్జీ. మీ జీతానికి నెలకు మూడున్నర వందల యూరోల అటూ ఇటుగా ఎక్కువ చేతికొస్తుంది. ఇది కొత్తగా పుట్టిన డబ్బు కాదు, మీ పన్ను ముందే ఎక్కువ కోయకుండా ఆపడం మాత్రమే. ఇద్దరికీ జీతం ఉండి మూడు-ఐదులో ఉంటే ఏటా రిటర్న్ వేయడం తప్పనిసరి. మీరు వచ్చిన సంవత్సరానికి కూడా ఇద్దరూ కలిపి రిటర్న్ వేయొచ్చు. ఎక్కువ కోసింది తిరిగి వస్తుంది. ఆ ఏడాది మీరు గుంటూరులో తీసుకున్న జీతం మాత్రం అందులో చూపించాలి. దానిమీద అక్కడ పన్ను వేయరు గానీ, పన్ను రేటు తేల్చడానికి లెక్కలోకి తీసుకుంటారు.

ఈ రెండూ కలిపితే నెలకు ఆరు వందలు. ఈ మాట మావయ్యగారికి చెప్పేముందు ఇంకో నాలుగు లైన్లు చదవండి. ఎందుకంటే ఆ ఆరు వందలు పొన్నూరుకి కాదు.

మీ అద్దెలో నేబెన్‌కోస్టెన్ అని ఒక భాగం ఉంటుంది: హీటింగ్, నీళ్లు, చెత్త, మెట్లు తుడవడం వగైరా. నెలనెలా మీరు కడుతున్నది అంచనా మాత్రమే. లెక్క తేల్చే కాగితం ఏడాది ముగిశాక, పన్నెండు నెలల్లోపు ఎప్పుడైనా వస్తుంది. గుంటూరు ఎండల్లో పెరిగినవాళ్లకు మొదటి చలికాలం హీటర్ ఎంత తిప్పాలో తెలియదు, పైగా ఇంట్లో చిన్నపిల్ల. నాలుగైదు వందలు అదనంగా కట్టమని రావచ్చు. కరెంటు కూడా అదే పద్ధతి. విజయవాడలోనైతే ఏ నెల మీటరుకు ఆ నెల బిల్లు వస్తుంది, గుండె దడ నెలతోనే పోతుంది. అక్కడ దాన్ని ఏడాది దాచి ఒకేసారి ఇస్తారు. కాబట్టి ఇప్పటినుంచే నెలకు యాభై పక్కన పెట్టండి.

రేడియో, టీవీ పేరుతో ఇంటికి నెలకు 18.36 యూరోల చార్జీ కట్టమని ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి. మా క్లయింట్ కుటుంబం ఒకటి ఆ కవర్లను ప్రకటనలనుకుని చెత్తబుట్టలో వేసి, చివరికి ఫైన్‌తో కలిపి కట్టింది. జర్మనీలో పోస్టులో వచ్చిన ఏ కాగితాన్నీ చదవకుండా పారేయకండి. ఇంకొకటి, లయబిలిటీ ఇన్సూరెన్స్. అక్కడివాళ్లు హాఫ్ట్‌ప్‌ఫ్లిష్ట్ అంటారు. ఏడాదికి కొన్ని పదుల యూరోలు. మీ పాప సైకిలు పక్కింటి కారుకు గీసుకున్నా, అపార్ట్‌మెంట్ మాస్టర్ తాళం పోయినా వచ్చే ఖర్చు ఊహించలేరు. పాప వయసు చెప్పి, చిన్నపిల్లల వల్ల జరిగే నష్టానికీ వర్తించే పాలసీ అడిగి తీసుకోండి.

ఇవి పోగా మిగిలింది జర్మనీలోనే, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే ఖాతాలో తొమ్మిది వేలు అయ్యేదాకా పెరగాలి. మీ మూడు నెలల ఖర్చు అది. కిండర్‌గెల్డ్ బాకీతో కలుపుకుంటే ఏడాదిలోపు అవుతుంది. ఉద్యోగం పోతే మీవారికి నిరుద్యోగ భృతి వస్తుంది. పన్నెండు నెలలు చందా కట్టారు కాబట్టి ఆరు నెలలపాటు, బిడ్డ ఉంది కాబట్టి చేతి జీతంలో 67 శాతం. అయితే బ్లూ కార్డ్ వాళ్లకు ఉద్యోగం పోయిన రోజునుంచే వీసా గడువు టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు ఎఫ్‌డీ పొలంలో ఉంటే లాభం లేదు.

ఇక పొలం. మీవారి పేరున కుదరదమ్మా. డబ్బు చాలక కాదు, చట్టం ఒప్పుకోదు. ఉద్యోగానికి విదేశం వెళ్లినవాళ్లు ఫెమా అనే విదేశీ మారకం చట్టం కింద ఎన్నారైలే. ఎన్నారైలు ఇళ్లు, ఇళ్ల స్థలాలు, షాపులు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇదివరకే పేరున ఉన్నది ఉంచుకోవచ్చు, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. పాత ఆధార్ చూపించి రిజిస్ట్రేషన్ చేయించేద్దాం, ఎవరడుగుతారు అనే మధ్యవర్తులు మన జిల్లాలో కొదవ లేదు. అమ్మేటప్పుడో, ఆ డబ్బు జర్మనీకి పంపేటప్పుడో బ్యాంకు అడుగుతుంది. అప్పుడు ఆ మధ్యవర్తి ఫోను ఎత్తడు.

మావయ్యగారు తన పేరున కొనుక్కోవచ్చు. కొడుకు తండ్రికి పంపే డబ్బు మీద తండ్రికి ఇక్కడ పన్ను లేదు. తర్వాత అది మీవారికి వారసత్వంగా రావడానికీ అడ్డు లేదు. కానీ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. వీలునామా లేకపోతే ఆ అరవై సెంట్లు అత్తయ్యగారికి, మీవారికి, ఆడపడుచుకి సమానంగా వెళ్తాయి. డబ్బు ఎవరు పంపారన్నది పాసుపుస్తకంలో ఉండదు. ఆడపడుచుకి వెళ్లడం తప్పని నేననడం లేదు, మా ఇంట్లో అలాగే పంచుకున్నాం. ఇష్టపడి ఇవ్వడం వేరు, పదేళ్ల తర్వాత పండక్కి వచ్చి తెలుసుకోవడం వేరు. కొనే ముందే నలుగురూ ఒక వీడియో కాల్‌లో కూర్చుని మాట్లాడుకోండి. ఈ ఏడాది మాత్రం నా సలహా, వద్దు. ఈఎంఐ ఒకటి నడుస్తోంది, అక్కడి ఇల్లు ఇంకా కుదుటపడలేదు, అడ్వాన్స్ ఇచ్చి మిగతాది పంపలేకపోతే బయానా పోతుంది.

ఎఫ్‌డీ సంగతి. అది ఇంకా మామూలు ఖాతాలోనే ఉంటే, విదేశం వెళ్లినట్టు బ్యాంకుకు తెలియజేసి ఎన్నార్వోగా (ఎన్నారైలు ఇండియా రాబడి వేసుకునే ఖాతా) మార్పించండి. ఫ్లాట్ అద్దె కూడా అందులోకే రావాలి. లోన్ విభాగానికీ చెప్పండి. ఎన్నార్వో వడ్డీ మీద బ్యాంకు 31.2 శాతం కోస్తుంది, చూసి కంగారుపడకండి. ఏడు శాతం వేసుకున్నా మీ వడ్డీ ఏడాదికి 84 వేలు, దానికి ఫ్లాట్ అద్దె కలిపినా కొత్త పన్ను పద్ధతిలో పన్ను పడని నాలుగు లక్షల పరిమితి దాటదు. ఇక్కడ రిటర్న్ వేస్తే కోసింది తిరిగి వస్తుంది. చట్టం ప్రకారం ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు కూడా ఎన్నారై యజమానికి ఇచ్చే అద్దెలో పన్ను మినహాయించి కట్టాలి. గోరంట్లలో ఎవరూ చేయరు, కానీ నోటీసు వస్తే వాళ్లకే వస్తుంది. కనీసం తెలియజేయండి.

ఇకముందు జర్మనీ నుంచి దాచే డబ్బు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వేస్తే వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. సలహాదారులు సగం మంది ఇక్కడితో ఆపేస్తారు. జర్మనీలో ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడి వడ్డీ అయినా అక్కడ చూపించాలి. మన బ్యాంకులు ఆ వివరాలు ఎలాగూ అక్కడికి పంపుతాయి. దంపతులకు కలిపి ఏడాదికి 2,000 యూరోల వరకు పన్ను లేదు. మీ 84 వేలు ఎనిమిది వందల యూరోలు కాబట్టి ఇబ్బంది లేదు, చూపించేయండి.

కారు వద్దు. కొనడం చవకే, ఇన్సూరెన్సు, పార్కింగు, చలికాలం టైర్లు కలిసి తడిసి మోపెడవుతుంది. 63 యూరోల పాస్‌తో లోకల్ ట్రైన్లు, బస్సులు, ట్రాములు దేశమంతా తిరుగుతాయి. పాపకు మంచి వాటర్‌ప్రూఫ్ సూటు, బూట్లు కొనండి. కీటాలో వర్షంలోనూ పిల్లల్ని బయట ఆడిస్తారు. ఆరేళ్లు నిండి బడికి వెళ్లడం మొదలయ్యాక ఆ 180 కూడా తగ్గుతుంది. సర్కారు బడికి ఫీజు లేదు, మధ్యాహ్నం ఉంచుకుంటే దానికే కట్టాలి. గుంటూరులో యూకేజీ ఫీజు ఎంతో మీకు తెలుసు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది మీరు ఒక్క ముక్కలో దాటేసినది, "ఇప్పుడు ఖాళీ" అన్నది. బ్లూ కార్డ్ ఉన్నవారి భార్యకు పని చేసుకునే హక్కు ఉంది. నెలకు 603 యూరోల లోపు మినీజాబ్ చేస్తే మీవారి హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీరు ఉచితంగా కొనసాగవచ్చు. కానీ రెస్టారెంట్‌లో పళ్లెం మోసే పని దొరికింది కదా అని దానికే అతుక్కుపోకండి. మిర్చి లోడు కంటైనర్లకు ఇన్వాయిస్‌లు, షిప్పింగ్ బిల్లులు రాసిన చేయి మీది. అక్కడ ఆ పనికి జర్మన్ కావాలి, బీ1 అనే మధ్య స్థాయి దాకా అయినా. ఊళ్లలో ఫోక్స్‌హోఖ్‌షూలే అనే కేంద్రాల్లో తక్కువ ఫీజుకే నేర్పుతారు. మీరు పంపాలనుకున్న నెలవారీ పొలం డబ్బులో నాలుగో వంతు దానికి సరిపోతుంది. మీవారిని కూడా కూర్చోబెట్టండి. బ్లూ కార్డ్ వాళ్లకు ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ ఉంటే 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం వస్తుంది. ఆయనవి పద్నాలుగు అయ్యాయి. ఏడు నెలల్లో బీ1 కష్టమే, ఏ1కి మాత్రం సాకు లేదు. మీకు పూర్తి ఉద్యోగం వచ్చిన రోజు ట్యాక్స్ క్లాసులు నాలుగు-నాలుగుకు మార్చుకోవడం మరిచిపోకండి, లేకపోతే ఐదో క్లాసు కోత చూసి పని మానేయాలనిపిస్తుంది.

మావయ్యగారితో ఎలా చెప్పాలో కూడా అడిగినట్టే అనిపించింది. "డబ్బు లేదు" అనకండి, ఆయనకు కోపమూ వస్తుంది, దిగులూ వస్తుంది. "మీ అబ్బాయి పేరున రిజిస్ట్రేషన్ చట్టప్రకారం చెల్లదట, బెజవాడలో కనుక్కున్నాం" అనండి, అది నిజం కూడా. ఆయన తన పేరున కొనాలని నిశ్చయించుకుంటే మాత్రం, రూపాయి ఇవ్వకముందే ఈసీ, 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు తీయించి, రీసర్వేలో ఆ అరవై సెంట్లు ఎంతగా తేలాయో సర్వేయర్‌తో హద్దులు కొలిపించమనండి. పక్క పొలం మనదే కదా అని చాలామంది చేయనిది ఆ కొలతే.