కిస్‌మిస్ డబ్బా అల్మారాలో పెట్టేయండి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పదేళ్ల మా అమ్మాయి పుట్టినరోజుకి మూడు నెలల చించిల్లా (ఒత్తు బొచ్చుండే ఎలుకజాతి జంతువు) పిల్లను తెచ్చాం. వచ్చి మూడు వారాలైంది. పగలంతా నిద్రే, పట్టుకోబోతే మూలకి దూరుతుంది. మొన్న పాప గట్టిగా పట్టుకుంటే గుప్పెడు బొచ్చు చేతిలోకి ఊడొచ్చింది, ఒకటే ఏడుపు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు "పాపం, ఒట్టి గడ్డేనా?" అంటూ కిస్‌మిస్, అటుకులు, బెల్లం ముక్కలు పెడుతున్నారు. అవైతే లాక్కుని మరీ తింటోంది. నిన్నటి నుంచి పెంటికలు మెత్తగా పడుతున్నాయి. ఏం పెట్టాలి, ఎలా మచ్చిక చేసుకోవాలి?

జవాబు: ముందు ఆ కిస్‌మిస్ డబ్బా అల్మారాలో పెట్టేయండి. అత్తగారికి చెప్పడం కష్టమే, ఇంటికొచ్చిన ప్రాణికి గడ్డి పడేయడమంటే మనవాళ్లకి పస్తు పెట్టినట్టే. కానీ దీని పుట్టిల్లు చిలీలోని ఆండీస్ కొండలు, అక్కడ దొరికే ఎండుగడ్డికీ పొదలకీ అలవాటుపడ్డ పేగులు దీనివి, తీపి, పిండి పడితే లోపల గ్యాస్ పట్టి పొట్ట ఉబ్బుతుంది, కక్కుకోవడం కూడా దానికి చేతకాదు.

తిమోతీ అనే రకం ఎండుగడ్డి ఇరవైనాలుగు గంటలూ ఉండాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఎదిగే పిల్ల కాబట్టి కొద్దిగా అల్ఫాల్ఫా అనే ఎండుమేత కలపొచ్చు. గింజలూ ఎండుపళ్లూ కలవని చించిల్లా పెల్లెట్లు (గుళికల మేత) రోజుకి ఒకటి రెండు టేబుల్ స్పూన్లు, మంచినీళ్లు, అంతే. పెంటికలు రేపటికి కూడా గట్టిపడకపోతే డాక్టరుకి చూపించండి. తిండి మానేసినా, పెంటికలు ఆగిపోయినా, పొట్ట బిగిసినా అసలు ఆగొద్దు, అప్పటికప్పుడే వెళ్లాలి. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు, ఇలాంటి జంతువుల్ని చూసే ఎక్సోటిక్ వెట్ ఎక్కడున్నారో ఇవాళే కనుక్కోండి. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి గ్రాములు రాసుకుంటే బరువు తగ్గడం ముందే తెలుస్తుంది.

బొచ్చు ఊడినందుకు పాపని తిట్టకండి. నక్క పట్టుకుంటే దాని నోట్లో బొచ్చు వదిలేసి పారిపోవడం దీని ఉపాయం, పాప చెయ్యి దానికి నక్క నోరులా అనిపించింది. కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. ఒకప్పుడు ఆ బొచ్చు కోసమే కొండల్లో వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు, ఇప్పుడు ఇళ్లలో ఉన్నవి చాలావరకు 1923లో చాప్‌మన్ అనే ఇంజనీరు కాలిఫోర్నియాకి తెచ్చిన 11 జంతువుల సంతానమే. అంత ఒత్తు బొచ్చు కాబట్టే నీళ్లతో స్నానం చేయించకూడదు, తడి లోపలే ఉండిపోతుంది. వారానికి రెండు మూడుసార్లు చించిల్లా దుమ్ము (వీటి స్నానానికని అమ్మే మెత్తటి పొడి) గిన్నెలో పోసి పది నిమిషాలు పెట్టండి, దాని పొర్లాట చూస్తే పాప ఏడుపు మర్చిపోతుంది. వేడికీ తట్టుకోలేదు, గది 75 ఫారన్‌హీట్ దాటనివ్వకండి, టెక్సస్ ఎండల్లో ఏసీ ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక మచ్చిక. పగలు లేపొద్దు. చీకటి పడ్డాక పాపని గూడు పక్కన కూర్చోబెట్టి హోంవర్కు పైకి చదవమనండి, గొంతు అలవాటవుతుంది. కొన్నాళ్లకి అరచేతిలో ఒక గడ్డిపరక పెట్టుకుని కదలకుండా ఉండాలి, పైనుంచి చెయ్యి దించితే మాత్రం గద్ద అనుకుంటుంది. మీసాలతో వేళ్లు తడిమి వెళ్లిపోతుంది, వెళ్లనివ్వండి. ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి పిరుదుల కింద, పక్కటెముకలు నొక్కకుండా. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. తర్వాత తలుపులు మూసి, వైర్లు తీసేసిన గదిలో పాప కింద కూర్చుంటే ఏదో ఒక రాత్రి అదే ఒళ్లోకెక్కి చొక్కా బొత్తాం కొరుకుతుంది. ఆ బొత్తాం మింగకుండా చూసుకోండి.