ఎండలో పనిచేసేటప్పుడు నీరు ఎంత తాగాలి, ఎలా తాగాలి?

రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతున్నా సాయంత్రానికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం తప్పడం లేదని మీరు రాశారు. స్లాబుల మీద ఇనుప చువ్వలు కట్టే పనిలో 8 వేసవులు గడిపిన నాకు మొదటి రెండేళ్లూ అచ్చంగా ఇదే అనుభవం. లోపం నీటి మొత్తంలో కంటే తాగే తీరులో ఉందని నా అభిప్రాయం.

అప్పట్లో మాటిమాటికీ కిందికి దిగడానికి బద్ధకించి, భోజన విరామంలో ఒక్కసారిగా లీటరున్నర తాగేసేవాణ్ని. కాసేపు కడుపు బరువెక్కేది, ఆ తర్వాత చాలా భాగం మూత్రంగా పోయేది. మూడింటికల్లా తీగ మెలిపెట్టే హుక్కు వేళ్లలో నిలిచేది కాదు. ఇప్పుడు సీసా పక్కనే పెట్టుకుని, దాహం వేసినా వేయకపోయినా 15, 20 నిమిషాలకొకసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగుతాను. దాహం తెలిసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గి ఉంటుంది.

అలాగని గంటకు లీటరున్నరకు మించి తాగకూడదు. చెమటతో ఉప్పు పోతూ ఉండగా ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. దానివల్లా తలనొప్పి, వికారం వస్తాయి. ఆరిన చొక్కా వీపున తెల్లటి చారలు కనిపిస్తే ఉప్పు ఏ మేరకు పోయిందో తెలుస్తుంది. అలాంటి రోజుల్లో నేను ఓఆర్ఎస్ కలుపుకుంటాను. లీటరు ద్రావణంలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఆ గ్లూకోజు రుచి కోసం కాదు, పేగుల్లో అది సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్తే నీరు దాని వెనకే వెళ్తుంది. అందుకే లీటరు పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో కలిపేయడం (మా వాళ్లలో సగం మంది చేసేది అదే) మేలు కన్నా కీడే చేస్తుంది. రక్తపోటో, మూత్రపిండాల జబ్బో ఉంటే ముందు వైద్యుణ్ణి అడగండి.

మీకెంత నీరు కావాలో తూకమే చెబుతుంది. పనికి ముందూ తర్వాతా చెమట బట్టలు తీసి బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ దాదాపు లీటరు నీరు లోటు పడినట్టు, బరువు పెరిగితే అవసరానికి మించి తాగినట్టు. రెండు మూడు రోజుల కొలతలు ఇక్కడ రాస్తే ఎక్కడ తేడా వస్తోందో చూద్దాం.