అన్నం కార్బ్ లెక్క ఎక్కడ తప్పుతోందంటే

100 గ్రాముల అన్నానికి 80 గ్రాముల కార్బోహైడ్రేట్లని (కార్బ్స్) లెక్కేసి, దానికి తగ్గ ఇన్సులిన్ తీసుకుంటే షుగర్ బాగా పడిపోతోందని మీరు రాశారు. ఆ 80 బియ్యానికి చెందిన అంకె అండీ. వండాక నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి 100 గ్రాముల తెల్లన్నంలో ఉండేది దాదాపు 28 గ్రాములే. అంటే తిన్నదానికి మూడు రెట్ల దగ్గర లెక్కేస్తున్నారు. ఇది ప్రమాదం, ఈ పూట నుంచే మార్చండి.

అన్నం ఒక్కోసారి పొడిగా, ఒక్కోసారి మెత్తగా వస్తుంది కాబట్టి నాకు నమ్మకమైన పద్ధతి ఇది: బియ్యాన్ని ముందే తూచండి. 150 గ్రాములైతే మొత్తం 120 గ్రాముల కార్బ్స్. వండాక గిన్నె బరువు తీసేసి అన్నం తూచండి. 420 గ్రాములు వచ్చి, మీరు 140 తింటే మూడో వంతు, అంటే 40 గ్రాములు.

బంగాళాదుంపకు ఇంత టెన్షన్ అక్కర్లేదు. ఉడికించినా బరువు పెద్దగా మారదు, 100 గ్రాములకు 17 నుంచి 20 వేసుకోండి. వేయిస్తే మాత్రం నీరు పోయి అంకె పెరుగుతుంది.

షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. ఇన్ని సార్లు పడిపోయిందని డాక్టర్‌కు తప్పక చెప్పండి. పాత లెక్కతో కుదిర్చిన డోసు కూడా ఆయన మళ్లీ చూడాలి.