పాయింట్లు సమానమైతే ముందు ఏం చూడాలి

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

సీజన్ చివరి వారం కాలేజీ ఐస్ హాకీ పాయింట్ల పట్టిక నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. నిన్న ఫోన్లో నీ గొంతు వింటేనే టెన్షన్ పడుతున్నావని తెలిసింది. ఈ మినియాపొలిస్ చలిలో ఏళ్ల తరబడి మన మిన్నెసోటా యూనివర్సిటీ జట్టు గోఫర్స్ ఆటలు చూస్తూ పెన్సిల్‌తో లెక్కలు కట్టాను కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు క్రికెట్ అలవాటు పక్కన పెట్టు. పాయింట్లు సమానం కాగానే మన బుర్ర నెట్ రన్ రేట్ వైపు పోతుంది. ఇక్కడ గోల్స్ తేడాతో లెక్క మొదలుపెట్టకు. ఒక కాన్ఫరెన్స్‌లో, అంటే కాలేజీ జట్ల లీగ్‌లో, ఆ జట్లు తమలో తాము ఆడుకున్న మ్యాచ్‌లను ముందు చూస్తారు, ఇంకోచోట మొత్తం గెలుపులను ముందు చూడొచ్చు. అందుకని మన కాన్ఫరెన్స్ బిగ్ టెన్ వాళ్ల ఈ ఏటి నిబంధనలు ప్రింట్ తీసి, ఆ వరుసను నీ చేత్తో ఒక కాగితం మీద రాసుకో. నిరుటి వరుస గుర్తుంది కదా అని దాన్నే వాడకు.

ఇది ఎంత పెద్ద విషయమో 2025లో చూశాం. మిచిగన్ స్టేట్, మన మిన్నెసోటా సమానంగా ముగించి, రెగ్యులర్ సీజన్ టైటిల్‌ను పంచుకున్నాయి. సమానమైన జట్లను విడదీసే టైబ్రేకర్‌తో, తర్వాతి టోర్నమెంట్‌కు మొదటి సీడ్, అంటే మొదటి స్థానం, మాత్రం మిచిగన్ స్టేట్‌కు వెళ్లింది. ఏడు జట్ల టోర్నమెంట్‌లో మొదటి సీడ్‌కే బై, అంటే తొలి రౌండ్ ఆడకుండానే ముందుకు. వాళ్లు ఆ వారం విశ్రాంతి తీసుకున్నారు. మనవాళ్లు మూడు మ్యాచ్‌ల క్వార్టర్ ఫైనల్ ఆడి, అట్టడుగు సీడ్ నోటర్ డామ్ చేతిలో ఓడిపోయారు. మిచిగన్ స్టేట్ చివరిదాకా సొంత రింక్‌లోనే (మంచు మైదానంలోనే) ఆడి, ఫైనల్లో ఒహాయో స్టేట్‌ను గెలిచింది. ఆ వారం మా ఇంట్లో ఎవరికీ మనసు బాగోలేదు. అయినా నువ్వు రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో: టైబ్రేకర్ తేల్చింది సీడ్‌ను మాత్రమే, టైటిల్ ఇద్దరిదీ. 'టైబ్రేకర్‌లో టైటిల్ పోయింది' అని రాస్తే అది తప్పు.

షూటౌట్ దగ్గర కూడా జాగ్రత్త. అరవై నిమిషాల్లో గెలిస్తే మూడు పాయింట్లు. అదనపు సమయం ఓవర్‌టైమ్‌లోనో, అప్పటికీ తేలకపోతే ఒక్కొక్కరుగా గోల్ కొట్టే షూటౌట్‌లోనో గెలిస్తే రెండు, ఓడినవాళ్లకు ఒకటి. కానీ షూటౌట్ దాకా వెళ్లిన ఆట అమెరికా కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ రికార్డులో డ్రానే. అందుకే గెలుపులు, ఓటములు, డ్రాల వరుస చూసి ముఖాముఖి లెక్క కట్టకు. ఒక్కో మ్యాచ్‌కూ ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో విడిగా రాసుకో.

అసలు చిక్కు మూడు జట్లు సమానమైనప్పుడు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకసారి మూడు జట్లు కలిసిపోతే నేను రెండింటినే పోల్చి, రింక్ బయట నిలబడి ఉన్న కుర్రాళ్లతో 'వచ్చే వారం మీ ఆట ఇక్కడే' అనేశాను. వాళ్లు అమ్మానాన్నలకు ఫోన్లు చేసి రమ్మన్నారు. తీరా చూస్తే ఆట వేరే ఊళ్లో. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

కాబట్టి ముగ్గురినీ ఒకే గుంపుగా తీసుకుని, వాళ్ల మధ్య మ్యాచ్‌లతోనే చిన్న పట్టిక వెయ్యి. ఎరుపు, నీలం, పసుపు అనుకుందాం. ఒక్కో జంట నాలుగేసి మ్యాచ్‌లు ఆడింది, అంటే జంటకు 12 పాయింట్లు. ఎరుపు నీలం మీద 7–5. నీలం పసుపు మీద 8–4. పసుపు ఎరుపు మీద 10–2. కూడితే పసుపుకు 14, నీలానికి 13, ఎరుపుకు 9. పసుపు పైకి వెళ్లింది. మరి రెండో స్థానం? చిన్న పట్టిక ప్రకారమే పోతే నీలానిది. 'ఒక జట్టు విడిపోయాక మిగిలినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చూడాలి' అని నిబంధనలో ఉంటే, ఎరుపు 7–5తో రెండోది అవుతుంది! అంకెలు అవే, స్థానాలు తారుమారు. ఆ ఒక్క వాక్యం కోసం నిబంధనల కాగితం రెండుసార్లు చదువు.

బిగ్ టెన్‌లో ఏడు జట్లు, ఒక్కో జట్టుకు 24 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. ప్రతి ప్రత్యర్థితో నాలుగేసి, కాబట్టి సమానంగా సరిపోతాయి. ఇంకో కాన్ఫరెన్స్ హాకీ ఈస్ట్‌లో పదకొండు జట్లు. 24 మ్యాచ్‌లను పదిమంది ప్రత్యర్థులకు సమానంగా పంచలేం. అక్కడి పట్టిక రాయాల్సి వస్తే, ఎవరు ఎవరితో ఎన్నిసార్లు ఆడారో ముందు చూసుకో.

శుక్రవారం ఆటలయ్యాకే శనివారం లెక్క మొదలుపెట్టు. ఒక్కో మ్యాచ్‌కు మూడు, రెండు, ఒకటి, సున్నా అని నాలుగు దారులు కాబట్టి, రెండు మ్యాచ్‌లకూ కలిపి ఒక జట్టుకు పదహారు దారులుంటాయి, అన్నీ ముందే వేస్తే కళ్లు తిరుగుతాయి. శుక్రవారం అయ్యాక మిగిలేవి నాలుగే. మొదట మన జట్టుకు మూడు వస్తే ఏ సీడ్, సున్నా వస్తే ఏ సీడ్ అని చూడు. రెండు కొసల్లోనూ అదే సీడ్ వస్తే మధ్యవి వదిలెయ్యి.

నేనూ ఇక్కడ విడిగా పట్టిక వేస్తాను. శనివారం రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, అచ్చుకు పంపే ముందు ఫోన్ చెయ్యి. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూద్దాం. పిన్ని నీకు పులిహోర చేసి పెడతానంటోంది, ఆదివారం భోజనానికి వచ్చెయ్యి.

మీ బాబాయి