ఆ పన్ను ఇప్పుడే పీకించుకోకు

అమ్మలూ,

పై దవడ పన్ను పీకించుకోవడానికి భీమవరం వెళ్తున్నావని మీ ఆయన ఫోన్లో చెప్పాడు. నాలుగు రోజులు ఆగు. పన్ను ఎక్కడికీ పారిపోదు, పీకేశాక మాత్రం తిరిగి రాదు.

మొహం కడుక్కుంటే చెంపలో కరెంటు కొట్టినట్టు వచ్చి క్షణాల్లో పోతోందన్నావట. పుచ్చిన పన్ను అలా చెయ్యదు. చల్లటిదో వేడిదో తగిలితే లాగుతుంది, రాత్రంతా సలుపుతుంది, తట్టి చూస్తే ఏ పన్నో తెలిసిపోతుంది. నీది నాకున్న ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే మొహం నరం నొప్పిలా ఉంది. మొహానికి స్పర్శనిచ్చే నరం నుదుటికీ, చెంపకీ, కింది దవడకీ మూడు కొమ్మలుగా చీలుతుంది. చాలామందికి ఆ నరం మొదట్లో ఓ రక్తనాళం ఆనుకుని పైపొరని దెబ్బతీస్తుంది. ఇక చెయ్యి తగిలినా గాలి తగిలినా షాకే. పళ్ళకి వెళ్ళేవీ ఆ కొమ్మలే కాబట్టి నొప్పి పంట్లో ఉన్నట్టే ఉంటుంది. ఇలా మంచి పళ్ళు పీకించుకున్నవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు.

నేను డాక్టర్ని కాదు. పళ్ళ ఎక్స్‌రే తీయించు, అందులో ఏమీ లేకపోతే నరాల డాక్టరుకి, అదే న్యూరాలజిస్టుకి చూపించు. ఎం.ఆర్.ఐ. రాస్తారు, భయపడకు. నరం మీద రక్తనాళం ఉందా, గడ్డలాంటిదేమైనా ఉందా అని చూడటానికే అది. కానీ రోగం తేలేది ముఖ్యంగా నీ మాటల్నిబట్టే. "చాలా నొప్పండీ" అంటే ఆయనకేం తెలుస్తుంది? ఎక్కడ మొదలై ఎటు పాకింది, ఎన్ని సెకన్లుంది, బ్రష్షుకా, నవలడానికా, మాట్లాడటానికా వచ్చింది, మధ్యలో పూర్తిగా పోతుందా అన్నది పిల్లల పాత నోట్‌బుక్‌లో రాసుకుని తీసుకెళ్ళు.

దీనికి పారాసెటమాల్ పనిచెయ్యదు. సాధారణంగా ముందు కార్బమజెపిన్ అనే మాత్ర ఇస్తారు, తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో తల తిరుగుతుంది, మగతగా ఉంటుంది. రక్తంలో సోడియం పడిపోవచ్చు, పరీక్షలు మానకు. మొదలుపెట్టేముందు హెచ్.ఎల్.ఏ. పరీక్ష కావాలా అని అడుగు, ఈ మాత్ర పడక ఒళ్ళంతా ప్రమాదకరమైన దద్దుర్లు వచ్చే ముప్పుందేమో చెప్పే రక్తపరీక్ష అది. ఒంటిమీద దద్దుర్లు వచ్చినా, జ్వరంతో నోరు పూసినా మాత్ర ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తు. అవేమీ లేకపోతే, నొప్పి తగ్గింది కదా అని నీ అంతట నువ్వు ఆపెయ్యకు. మందులు చాలకపోతే ఆపరేషన్ ఉంది, రక్తనాళానికీ నరానికీ మధ్య మెత్తటి అడ్డు పెడతారు. అది తర్వాతి మాట.

నీ మాత్ర మీ అత్తగారికి మాత్రం ఇవ్వకు! ఆవిడకి పొద్దున్నే చెవి ముందు బరువుగా నొప్పి, నోరు తెరిస్తే టక్‌మనే చప్పుడు. అది దవడ కీలుది. వేడి గుడ్డ కాపడం, మెత్తటి తిండి, పళ్ళు బిగించకుండా ఉండటం చాలామందికి సరిపోతాయి. ఆవిడకి నాలుక కూడా మండుతోందంటే అది ఇంకోటి. బి12, ఐరన్, షుగర్ చూడాలి, కట్టుడు పళ్ళు ఒరుసుకుంటున్నాయేమో కూడా.

మాత్ర పట్టేదాకా గోరువెచ్చటి నీళ్ళతో మొహం కడుక్కో, అటువైపు నవలకు. నర్సాపురం రేవులో పంటు పడవ ఎక్కితే ఏటి గాలి సూటిగా చెంపకి కొడుతుంది, నూలు తువ్వాలు చుట్టుకో. ఎవరైనా నవ్వితే నవ్వనీ. జంతికలు వద్దు, పప్పుచారు అన్నం మెత్తగా పిసుక్కుని తిను. పులస మాత్రం నేను మానలేదు, ముళ్ళు మా కోడలు తీసిపెడుతుంది.

మొహం మొద్దుబారినా, రెండువైపులా వచ్చినా, చెవి వినపడకపోయినా అపాయింట్‌మెంటు తేదీ దాకా ఆగకు, ముందే చూపించు. ఎక్స్‌రే రాగానే ఫోటో తీసి పంపు, నేను చూసి చేసేదేమీ లేకపోయినా.

మీ దొడ్డమ్మ