బుజ్జీ, పంపు కొనే ముందు ఇది చదువు

నిన్న నువ్వు బ్రెస్ట్ పంపు ఏది కొనాలి పిన్నీ అని అడిగితే కుక్కర్ విజిల్ వచ్చిందని ఫోన్ పెట్టేశా కదా, విజిలేం రాలేదులే, హడావిడిగా చెప్పే విషయం కాదని పెట్టేశా. పంపు ఇప్పుడే వద్దు. ముందు నీ చుట్టూ ఉండే మనుషుల్ని రెడీ చేస్కో.

మా పెద్దోడప్పుడు నాది సిజేరియన్. రెండో రోజు రాత్రంతా ఒకటే ఏడుపు, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "పాలు పడలేదేమో" అనడం, నలుగురు అనేసరికి నేనూ నమ్మేశా. డబ్బా పాలు పట్టారు. అవి తాగి వాడు గంటల తరబడి పడుకునేవాడు, వాడు చీకకపోతే నాకు పాలు తయారవ్వవు, తయారవ్వట్లేదని ఇంకో డబ్బా... నెలన్నరకి పూర్తిగా ఎండిపోయాయి. అప్పుడు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు, మొదట్లో వచ్చేది ముర్రుపాలు, పసుపుగా చిక్కగా కొంచెమే వస్తాయి, పుట్టిన రోజు బిడ్డ పొట్టకి ఒకసారికి పట్టేది కూడా చెంచాడేనని. ధారగా పాలు పడేది 2 నుంచి 4 రోజులకి, సిజేరియన్ అయితే ఇంకొంచెం లేటవ్వచ్చు. ఈలోపు 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు రొమ్ముకి పెడుతూనే ఉండాలి, అదే పని.

అందుకే నెక్స్ట్ చెకప్‌లో మొహమాటపడకుండా అడుగు, పుట్టిన గంటలోపు బిడ్డని నా దగ్గర పెడతారా, సిజేరియన్ అయినా పెడతారా, రాత్రి నా రూమ్‌లోనే ఉంచుతారా, పాలు పట్టడం నేర్పే లాక్టేషన్ కన్సల్టెంట్ ఉన్నారా, నన్ను అడక్కుండా పోతపాలు పట్టరు కదా అని. బిడ్డ బరువు బాగా తగ్గిందనో షుగర్ పడిపోయిందనో డాక్టర్ పట్టమంటే మాత్రం పట్టు, దానికి ఏడవకు, రొమ్ముకి పెట్టడం మాత్రం ఆపకు.

పట్టించేటప్పుడు చనుమొన ఒక్కటే నోట్లో పెడితే పుండ్లు పడతాయి, నోరు ఆవులించినంత తెరిచాక చుట్టూ ఉండే నల్లభాగం కూడా చాలావరకు లోపలికి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. మొదట కాసేపు చురుక్కుమంటే పర్లేదు, తాగినంతసేపూ నొప్పి అంటే తప్పుగా పట్టుకున్నట్టే, చిన్నగా వేలు పెట్టి విడిపించి మళ్ళీ పట్టించు. రొమ్ము గట్టిపడి ఎర్రగా అయి జ్వరం వస్తే అదే రోజు డాక్టర్‌కి చూపించు, పాలివ్వడం మానకు.

పాలు సరిపోతున్నాయా అని ఎవరన్నా అడిగితే డైపర్లు లెక్క చెప్పు. అయిదో రోజు నుంచి రోజుకి 6 సార్లన్నా తడిపితే, పుట్టాక తగ్గిన బరువు రెండు వారాలకల్లా మళ్ళీ వస్తే, సరిపోతున్నట్టే. బిడ్డ లేపినా తాగకుండా మత్తుగా ఉన్నా, ఒళ్ళు పచ్చబడుతున్నా మాత్రం ఆగకుండా వెళ్ళిపో.

ఇక ఇంట్లో వాళ్ళు. మా అక్క, అదే మీ అమ్మ, బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందంటుంది, నేను మాట్లాడతాలే, దాహమేసినంత తాగు. మెంతులు, వెల్లుల్లి కారం ఇష్టమైతే తిను, కానీ పాలు పెంచేది బిడ్డ చీకడమే. మే ఎండలు కదా, మీ అత్తగారు "గొంతెండిపోతుంది, రెండు చుక్కలు నీళ్ళు పట్టండి" అంటారు చూడు, 6 నెలల దాకా నీళ్ళొద్దు, తేనె అసలే వద్దు, పాలల్లోనే కావాల్సినంత నీరుంటుంది. ఈ మాట నువ్వు చెప్తే గొడవ, అల్లుడితో చెప్పించు. తేన్పు తీయడం, రాత్రి డైపర్, చుట్టాల్ని హాల్లోనే ఆపడం అన్నీ అతని డ్యూటీ, ఇప్పుడే చెప్పేయ్.

నెలలు తక్కువ పిల్లలైతే ఇంకో దారి ఉందిలే, మన హైదరాబాద్ నీలోఫర్ హాస్పిటల్‌లో తల్లిపాల బ్యాంక్ ఉంది.

ఆఫీస్ సంగతి, లీవు 26 వారాలు, అందులో డెలివరీకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు కానీ ఓపికుంటే తక్కువే వాడు, మిగిలింది బిడ్డకి. మీ హెచ్‌ఆర్‌ని క్రెష్ గురించి, అదే ఆఫీస్ టైమ్‌లో పిల్లల్ని చూసుకునే చోటు గురించి అడుగు, 50 మంది, ఆపైన ఉన్న కంపెనీలో ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూడనివ్వాలి కూడా. నువ్వు మళ్ళీ ఆఫీస్‌కి వెళ్ళేటప్పుడు పంపు కొందాం.

శనివారం మెట్రోలో వస్తా. అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నె నా దగ్గరే ఉంది, పిండిన పాలు సీసాతో కాకుండా దాంతో పట్టొచ్చు, తోమి తెస్తా, గిన్నెని నీళ్ళలో మరిగించుకోవడం నీ పని.

పిన్ని