మోకాళ్ళ నొప్పి గురించి చెల్లెలికి

చి. ల. సౌ. చెల్లెలికి, తిరుపతి నుంచి అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందనీ, ఇక కదలకుండా కూర్చోవడమే మేలనీ ఎవరో చెప్పగా నువ్వు సాయంత్రపు నడక కూడా మానేశావని చదివి, ఇన్నేళ్ళు రోగులకు ఫిజియోథెరపీ చేయించినవాణ్ణిగా ఈ విషయం వివరంగా రాయక తప్పడం లేదు.

ముందు అది ఏ నొప్పో తేల్చుకోవాలి. పొద్దున లేవగానే బిగుసుకున్న కీళ్ళు అరగంటలోపే సర్దుకుని, నడిచినకొద్దీ నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గుతుంటే అది చాలావరకు ఆస్టియో ఆర్థరైటిసే, అంటే కీళ్ళ అరుగుదలే. బిగుతు గంట దాటినా, రెండు చేతుల వేళ్ళ కణుపులు వాచినా అది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ళ మీద దాడి చేసే జబ్బు, కావచ్చు. దాని మందులు వేరు, ఆలస్యం పనికిరాదు. ఒకే కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

నువ్వు గుజ్జు అంటున్నది ఎముకల చివర ఉండే నున్నని మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు. కీలు కదిలి, దాని మీద బరువు పడుతూ తగ్గుతూ ఉన్నప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. పైగా కదలకుండా కూర్చున్నవాళ్ళకు తొడ ముందుభాగపు కండరం సన్నబడి, అది మోయవలసిన భారమంతా కీలు మీదే పడుతుంది. మృదులాస్థికి నరాలు కూడా లేవు కనుక నొప్పి పుట్టేది ఎముక నుంచీ, కీలు పొర నుంచీ, చుట్టూ ఉన్న కండరాల నుంచీ. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా నడిచేవాళ్ళున్నారు.

కాబట్టి కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, తొడ బిగించి, పది లెక్కపెట్టేవరకు ఉంచి దించు. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు చెయ్యి. కాస్త నొప్పి పుడితే భయపడకు, మరునాటికీ తగ్గకపోతే మాత్రం సగం చెయ్యి. ఆరు వారాలైనా గడవనిదే ఫలితం తెలియదు. మనవాళ్ళు చాలామంది వారానికే విసిగి మానేస్తారు. నడక సమనేల మీద, మెత్తటి చెప్పులతో మళ్ళీ మొదలుపెట్టు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుగునా దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది కనుక రాత్రి అన్నం కొంచెం తగ్గించు. ఆవు పాలు గొంతుకూర్చుని పితకడం మానేసి, ఎత్తైన స్టూలు వేసుకో. కర్ర పట్టవలసివస్తే నొప్పి లేని వైపు చేత్తో పట్టాలి; నొప్పి ఉన్నవైపే పట్టేవాళ్ళే ఎక్కువ.

మందుల్లో ముందు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి రాసి చూడు. మింగే నొప్పి మాత్రలు చాలావాటికి బీపీని పెంచే, మూత్రపిండాలను, కడుపును దెబ్బతీసే గుణం ఉంది. నీకు బీపీ ఉంది కనుక డాక్టరును అడగకుండా ఒక్కటీ వద్దు. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే పొడులు ఎవరిచ్చినా తీసుకోకు, వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరుపొందింది గానీ అరుగుదల కట్టుతో పోయేది కాదు. కీలులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను ఉపశమనం సాధారణంగా కొన్ని వారాలే.

తిరుమల కొండకు నడిచి ఎక్కే మొక్కు సంగతి అడిగావు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళతో ఎక్కేవాళ్ళనూ చూస్తుంటాం. ఇప్పటికి నువ్వు బస్సులోనే కొండకు వెళ్ళు. ఇంట్లో మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు పెట్టు.

ఇంత చేసినా రాత్రుళ్ళు నొప్పికి నిద్రపట్టక, ఇంట్లో తిరగడమే కష్టమైనప్పుడు కీలు మార్పిడి గురించి ఆలోచిద్దాం. ఆ ఆపరేషను ఇక్కడి బర్డ్ అనే ఎముకల ఆసుపత్రిలోనూ చేస్తారు. వచ్చేటప్పుడు నిలబడి తీయించిన ఎక్స్‌రే, బీపీ మాత్రల చీటీ, ఇప్పటిదాకా మింగిన నొప్పి మాత్రల అట్టలు అన్నీ తీసుకుని రా.

ఇట్లు,
మీ అన్నయ్య